పేరిణియా, పేరణియా? 14 అడ్డం మీద పంచాయితీ

వాల్తేరు వాసు:
ఆదివారం గడి (క్రాస్‌వర్డ్ పజిల్) పూర్తి చేసినవాళ్ళు 14 అడ్డం గురించి కాస్త మాట్లాడండి. ఆధారం ఇదీ, చివరి అంకె గళ్ళ లెక్క:

"పేరి వారింట్లో రాణి చివరికి చేరితే శివతాండవమే (3)"

నేను పేరణి అని రాశాను. జవాబుల్లో పేరిణి అని వేశారు. ఒక్క గుడి తేడాకి నా గడి మొత్తం తప్పుల జాబితాలోకి పోయింది. "పే" కి నిలువు ఉంది (పేరోలగం). "ణి" కి నిలువు ఉంది (మాణిక్యం). మధ్య గడికి పైనా కిందా నల్లగళ్ళే, సరిచూసుకునే దారే లేదు. శాస్త్రంలో ఆ నృత్యం పేరు పేరణి. సంగీత రత్నాకరం తీసి చూడండి. శాస్త్రం ప్రకారం రాసినవాడికి సున్నా, డాన్స్ ప్రోగ్రాం బ్యానర్ ప్రకారం రాసినవాడికి మార్కులా? గడి కట్టిన కొండగాలి గారు సమాధానం చెప్పాలి.

కొండగాలి:
మాస్టారూ, ఆధారం ఇంకోసారి చదవండి. పేరి వారు అన్నాను. పేరి ఇంటిపేరు. దానికి రాణి చివర, అంటే "ణి", చేర్చండి. పే-రి-ణి. ఇందులో "ర" కి చోటెక్కడుంది? నిలువు లేకపోయినా ఆధారమే "రి" ని చేతిలో పెడుతోంది కదా. "పేరణి" కావాలనుకుంటే ఆధారం వేరేలా ఉండేది: "మీ పేర రాణి చివర రాసిస్తే ఆట (3)" అని. పేర ప్లస్ ణి.

కొత్తగడి:
పేరి అనేది ఇంటిపేరని నాకు తెలీదండీ. "పేరు" ని తప్పుగా టైప్ చేశారనుకున్నాం. ఋషికొండలో మా ఆఫీసులో నలుగురం లంచ్ టైమ్‌లో కూర్చుని చేస్తుంటాం. మాకు మొదట తాండవం అనే తట్టింది, తాం-డ-వం మూడే కదా. కానీ ఆధారంలోనే తాండవం ఉంది కాబట్టి జవాబు అది కాదులే అని వదిలేశాం. పేరిణి అనే మాట ఇప్పుడే వింటున్నా. అసలు ఏంటది?

నిఘంటుపురుగు:
వాసు గారు అన్నది నిజమే, కొండగాలి గారు అన్నదీ నిజమే. అందుకే ఈ గొడవ తెగదు.

శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో కూర్చుని సంగీత రత్నాకరం రాశాడు. అందులో ఉన్నది పేరణి. కాకతి గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి పూర్తి చేశాడు. అందులో దేశి నృత్తాల వరసలో ఇదీ ఉంది: పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి, దండరాసకం, చిందు, కందుకం, కోల్లాటం, గొండలి... ఇంకా ఉన్నాయి. అవి సంస్కృత గ్రంథాలు. మన తరానికి ఈ ఆటను తిరిగి పరిచయం చేసినవారు నటరాజ రామకృష్ణ. జాయప గ్రంథం, రామప్ప గుడి శిల్పాలు ఆధారంగా ఆయన తీర్చిదిద్దిన నృత్యం "పేరిణి శివతాండవం" అనే పేరుతోనే జనంలోకి వెళ్ళింది. ఇవాళ పేపర్లలో, వేదికల మీద, ఉత్సవాల బ్యానర్ల మీద పేరిణి అనే ఉంటుంది.

ఆధారంలో "శివతాండవమే" అని ఉంది కాబట్టి రామకృష్ణ గారి రూపానికే మొగ్గు. నా ఓటు కొండగాలికి. కానీ వాసు గారి జవాబుని తప్పుల జాబితాలో వేయడం మాత్రం అన్యాయం.

వాల్తేరు వాసు:
సగం ఓటు కూడా ఓటే. థాంక్స్.

గజ్జెలమ్మ:
ఎంవీపీ కాలనీలో కూచిపూడి నేర్పుతాను. గళ్ళు మా ఇంట్లో అత్తగారి వ్యసనం, నాకు కాదు. ఆవిడ ఈ థ్రెడ్ చూపించి "నువ్వు చెప్పు" అంటే వచ్చాను.

గళ్ళలో ఈ మాట ఎప్పుడు వచ్చినా ఆధారం ఒకటే: "కాకతీయ వీరుల నృత్యం". యుద్ధానికి పోయేముందు సైనికులు ఆడేవారు, అంతే. పాత గ్రంథం చదివితే బొమ్మ వేరే. పేరణి ఆడేవాడు ఒంటినిండా తెల్లగా పూసుకుంటాడు, పిలక వదిలి తల గొరిగించుకుంటాడు, పిక్కలకు గజ్జెలు కట్టుకుంటాడు. ఆటకు 5 అంగాలు. ఘర్ఘరం అంటే గజ్జెల మోతను అదుపులో పెట్టి దాంతో లయ పలికించడం. విషమం అంటే ఎగిరి వేసే కష్టమైన కరణాలు. కవిచారం నాయకుడి పొగడ్త. గీతం సరేసరి. మిగిలిన భావాశ్రయం ఉంది చూశారూ, అది నవ్వించడానికి. వంకర నడకలు, వికృత చేష్టలు అనుకరించి చూపించడం. వీర నృత్యమని మనం ఛాతీ విరుచుకుని చెప్పుకునే ఆటలో హాస్యానికి ఓ వాటా రాసిపెట్టి ఉంది.

ఘర్ఘరం ఎంత కష్టమో తెలియాలంటే ఒకసారి గజ్జె కట్టుకుని, మడమ మాత్రం కదిపి, మునివేళ్ళు నేలకి ఆనించి నిలబడి చూడండి. మోగించడం ఎవరికైనా వస్తుంది. మోగకుండా ఆపడానికే పిక్క బిగుసుకుపోతుంది. మా పిల్లలకి రెండు నిమిషాలకే కాళ్ళు వణుకుతాయి.

ఆధారం రాసేవాళ్ళు ఈసారి "నవ్వించే అంగమున్న వీరుల ఆట" అని వేయండి, చూద్దాం ఎంతమంది చేస్తారో.

కొండగాలి:
మేడమ్, ఆ ఆధారం నేను దొంగిలించేశాను. వచ్చే నెల వాడతాను.

వాసు గారూ, మధ్య గడి విషయంలో మీ బాధ మాత్రం న్యాయమైనదే. ఇంగ్లిష్ గళ్ళలో నిలువు తగలని గడి ఉంటే పోటీపడే అక్షరాలు 26. మనకి గడిలో కూర్చునేది గుణింతంతో సహా మొత్తం అక్షరం. హల్లులకు గుణింతాలు వేసుకుంటేనే ఐదొందలు దాటుతాయి, ఒత్తులు ఇంకా లెక్కలోకి రాలేదు. అందుకని తెలుగులో నిలువు తగలని గడి వదిలితే చేసేవాడిని చీకటి గదిలో వదిలినట్టే. తెలిసిన మాటైతే ఫర్వాలేదు. ఇలాంటి అరుదైన మాట మధ్యలో, అదీ రెండు రూపాలున్న చోట, వదలకూడదు.

ఎందుకు వదిలానంటే "ణి" వల్ల. తెలుగులో ణి తో మొదలయ్యే మాట లేదు. కాబట్టి పేరిణి వేశామంటే ఆఖరి గడి మీదుగా పోయే నిలువు మాటకి ణి మధ్యలోనో చివరలోనో రావాలి. చివరలో అయితే వాణి, వేణి, రోహిణి, ధరణి బోలెడు. కానీ నిలువు అక్కడితో ఆగిపోతే కింద గళ్ళన్నీ విడిగా ముక్కలైపోతాయి. మధ్యలో ణి ఉన్నవి వెతికితే పాణిని, మాణిక్యం, ప్రాణికోటి లాంటివి. మాణిక్యం వేసేసరికి పక్క నిలువు బిగుసుకుపోయింది, మధ్య గడిని నల్లగళ్ళ మధ్య వదిలేయాల్సి వచ్చింది. అందుకే ఆధారంలో "పేరి" అని గట్టిగా చెప్పాను.

కొత్తగడి:
ఓహో, లావణి కూడా ణి తోనే కదా. డాన్సులన్నిటికీ ణి పిచ్చి ఏంటి?

నిఘంటుపురుగు:
జక్కిణి మరిచిపోయారు. తంజావూరు నాయకరాజుల కాలం నాటి జక్కిణి దరువు. జక్కి అంటే పాత తెలుగులో గుర్రం. "చదరంగంలో గుర్రానికి రాణి తోక కడితే నాయకరాజుల దరువు (3)". కొండగాలి గారికి కానుక.

వాల్తేరు వాసు:
ఇలా ప్రతి వారం రాణి తోక కోస్తూ పోతే ఆవిడ మీద కేసు పెడుతుంది.

అసలు సంగతికి వద్దాం. అరుదైన మాటలు గళ్ళలో వేయొచ్చా అన్నది నా ప్రశ్న. నేను వద్దనడం లేదు. మన విశాఖలో పుట్టిన ఇద్దరు, 1910లో శ్రీశ్రీ, 1925లో ఆరుద్ర, తెలుగువాళ్ళకి ఈ ఆట అలవాటు చేసినవాళ్ళలో ఉన్నారు. పదబంధ ప్రహేళిక, గళ్ళ నుడికట్టు అనే పేర్లు వినగానే వాళ్ళే గుర్తొస్తారు. తేలిక మాటకే మెలిక వేసి తల తిప్పించడం గొప్ప. గడి నిండడం లేదని నిఘంటువు అడుగున దొరికిన మాట తెచ్చి అతికించడం గొప్ప కాదు. పేరిణి మొదటి రకమా, రెండో రకమా?

నిఘంటుపురుగు:
అతికించడం మొదటి రోజు నుంచీ ఉందండీ. 1913 డిసెంబర్ 21న ఆర్థర్ విన్ న్యూయార్క్ వరల్డ్ పేపర్లో వేసిన మొట్టమొదటి గడిలోనే "గోముటి తాటి నార" అని ఒక ఆధారం ఉంది. జవాబు మూడు ఇంగ్లిష్ అక్షరాల "డో". అక్కడి పాఠకుల్లో గోముటి తాడిని చూసినవాళ్ళు ఎందరుంటారు? డాన్సులకొస్తే, ఇంగ్లిష్ గళ్ళు చేసేవాళ్ళకి "హోరా" కొట్టినపిండి. రొమేనియాలో, ఇజ్రాయెల్‌లో గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడే ఆట. ఒక హల్లు, ఒక అచ్చు చొప్పున నాలుగక్షరాల్లో కుదురుగా ఉంటుంది కాబట్టి గళ్ళు కట్టేవాళ్ళకి ముద్దు. ఆ ఆట చూడని వాళ్ళు కూడా మాట రాసేస్తారు.

కొండగాలి:
మనకి హోరా లాంటిది దరువు. ద, రు, వు, మూడూ ఎక్కడైనా ఒదుగుతాయి. చిందు కూడా మంచిదే. నన్ను ఏడిపించింది మాత్రం గొండ్లి. నిఘంటుపురుగు గారి జాబితా చివర ఉన్న గొండలికి తెలుగు రూపం. రెండే గళ్ళు: గొం, డ్లి. గొం కి గొంగళి, గొంతు, గొంది ఉన్నాయి. డ్లి కి? రాత్రి పన్నెండు దాకా వెతికాను. ఇడ్లి తప్ప ఇంకోటి దొరకలేదు.

గజ్జెలమ్మ:
గొండలికి జాయప ఓ కథ చెప్పాడు. కళ్యాణి చాళుక్య సోమేశ్వరుడు ఓ ఉత్సవంలో భిల్ల స్త్రీ వేషం కట్టిన ఆమె ఆట చూసి ముచ్చటపడి, దాన్ని కొలువులోకి తెచ్చాడని. రాజుగారు అంత ఇష్టపడి తెచ్చుకున్న ఆట ఇప్పుడు ఇడ్లి పక్కన కూర్చుందన్నమాట.

వాల్తేరు వాసు:
ఇడ్లి కాదు, ఇడ్లీ. దీర్ఘం ఉంది. అంటే అది కూడా క్రాస్ కాదు.

కొండగాలి:
మాస్టారూ, దయచేసి.

అయినా ఆధారం చూడండి: "గొంతులో సగం, ఇడ్లిలో సగం, పాత ఆట (2)". గొండ్లి అనే మాట జన్మలో విననివాడు కూడా గొం, డ్లి అని రాసి, నిలువులు చూసుకుని, "ఇలాంటి ఆట ఉందా?" అని నిఘంటువు తీస్తాడు. నా లెక్క ప్రకారం అరుదైన మాట వేయాలంటే ఆధారంలో వాడే ముక్కలు పరమ తేలికగా ఉండాలి. మాటా కష్టం, ముక్కలూ కష్టం అయితే చేసేవాడు పెన్సిల్ విసిరేస్తాడు. ఇప్పుడు 14 అడ్డం చూసుకుంటే, పేరి అనే ఇంటిపేరు మన వైపు బాగానే వినిపిస్తుంది కానీ అందరికీ తెలియాలని లేదు. కొత్తగడి చెప్పింది నాకు పనికొచ్చే మాట.

కొత్తగడి:
ఆ రూల్ బాగుంది. మాకు ఈ వారం గడిలో బాగా నచ్చింది 9 అడ్డం: "108 మందిలో ఒకడు ఊరి లెక్కలు రాశాడు (3)". మొదట అంబులెన్స్ అనుకున్నాం 😀 నిలువుల్లో క, ణం వచ్చాక కరణం అని తేలింది. కానీ 108 ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు. ఊరి లెక్కలు కూడా గూగుల్ చేస్తేగానీ తెలీలేదు.

గజ్జెలమ్మ:
నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో 108 కరణాలు చెప్పాడు భరతుడు. చెయ్యీ కాలూ కలిసి చేసే ఒక్కో కదలిక ఒక్కో కరణం. చిదంబరం గోపుర ద్వారాల్లో శిల్పాలుగా వరసగా ఉంటాయి.

వాల్తేరు వాసు:
ఊరి కరణాలు 1984 దాకా ఉండేవారు బాబూ. ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక తీసేశారు. మీ నాన్నగారిని అడిగితే కథలు కథలు చెబుతారు. ఇది మాత్రం అచ్చమైన ఆధారం, కొండగాలి గారికి నమస్కారం పెడుతున్నాను. రెండు అర్థాలూ మన మాటకే ఉన్నాయి, ఏ అతుకూ లేదు.

అరకు అప్పల:
అందరూ కాకతీయులు, తంజావూరు అంటున్నారు. మన కొండమీద ఉన్న ఆట సంగతి ఎవరూ ఎత్తరేటి? రెండు నెలల కింద ఒక వారపత్రిక గడిలో "అరకు నృత్యం (2)" అని ఇచ్చారు. నేను ధింసా రాశాను. జవాబు "థింసా" అట. మా నానమ్మ దింసా అనే అంటుంది, ఒత్తు గిత్తు ఏమీ లేదు. పేపర్లో ఒకరోజు థ, ఒకరోజు ధ. మీరు పేరిణికి ఇంత గొడవ పడుతున్నారు, మా మాటకి మొదటి గడే ఖాయం లేదు.

కొండగాలి:
అప్పల గారూ, మీకోసం ఇప్పుడే అల్లాను: "మృదంగం మీద ఓ దెబ్బ, షడ్జమం సాగదీస్తే కొండమీద ఆట (2)". దెబ్బ ధిం, సాగదీసిన స అంటే సా. ఇలా ఇస్తే ధ యా థ యా అన్న పేచీ ఉండదు.

అరకు అప్పల:
బాగుంది గానీ ధింసాకి మృదంగం ఉండదు కదండీ. తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు, మోరి. అవి వాయిస్తేనే అడుగు పడుతుంది.

ఇంకోటి. "అరకు నృత్యం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అందులో రకాలున్నాయి. బోడ ధింసా ఊరి దేవత కోసం. బాగ్ ధింసాలో పులి వస్తుంది, పులి నుంచి తప్పించుకోవడం ఆడి చూపిస్తారు. పోతర్ తోల అంటే ఆకులేరడం, కుందా ధింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. చైత్రంలో ఇటుకల పండగప్పుడు వచ్చి చూడండి. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు వేసి గొలుసులా పట్టుకుంటారు. పక్కామె అడుగు తప్పితే మీ భుజానికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. రిసార్టుల్లో టూరిస్టులు మధ్యలో దూరి ఫోటోలు దిగుతారు చూడండి, అప్పుడు మొత్తం వరస కుదుపు తింటుంది.

గజ్జెలమ్మ:
భుజానికి ముందు తెలుస్తుంది అన్నమాట మా క్లాసులో చెప్తాను. ఒక్కొక్కరూ విడిగా ఆడే నాట్యం నేర్చుకున్న పిల్లలకి అది అర్థం కావడం కష్టం.

నిఘంటుపురుగు:
మృదంగం అభ్యంతరం సరైనదే. గళ్ళ ఆధారానికి పైపైన కనిపించే కథ ఒకటి, లోపలి లెక్క ఒకటి. పైకథ కూడా అబద్ధం చెప్పకపోతే మంచిది. ధిం అనే చప్పుడుకి మృదంగమే ఎందుకు? "ఓ దెబ్బ" అని వదిలేస్తే చాలు.

కొండగాలి:
మార్చేశాను: "చిన్న దెబ్బకి షడ్జమం సాగితే కొండమీద ఆట (2)". "చిన్న" ఎందుకంటే చప్పుడు ఒక్క గడిలో ఇమడాలి.

మోడరేటర్ (గుమ్మడి):
థ్రెడ్ పెద్దదవుతోంది, ఎవరూ తిట్టుకోవడం లేదు, ఆశ్చర్యంగా ఉంది. ఒక్క మనవి: ఈ వారం గడి జవాబులు ఇంకా చూడనివాళ్ళ కోసం థ్రెడ్ పేరు ముందు "జవాబులున్నాయి" అని చేర్చాను.

కొత్తగడి:
ఒక డౌట్. కథక్ వేయాలంటే క-థ-క్ మూడు గళ్ళా, లేక క-థక్ రెండా?

కొండగాలి:
మా దగ్గర మూడు. పొల్లుకి విడిగా గడి. కాకపోతే ఆ "క్" మీదుగా నిలువు పోవాలంటే బ్యాంక్ (బ్యాం-క్) లాంటి ఇంగ్లిష్ మాటలే దిక్కు. పార్క్ లాంటివి అక్కరకి రావు, వాటిలో హల్లులు కలిసిపోయి ర్క్ అవుతుంది. కిటుక్కున, చటుక్కున కూడా కుదరవు. నాకు తెలిసి కథక్ ని గడి మూలకి, ఏ నిలువూ తగలని చోటకి తోసేయడమే అందరూ చేసే పని. నేనైతే అసలు ముట్టుకోను. సాల్సా మాత్రం బంగారం, సా-ల్సా, కానీ ల్సా కి మళ్ళీ ఇడ్లి కష్టమే.

వాల్తేరు వాసు:
తీర్పు చెప్పండి మరి. నా జవాబు ఏమవుతుంది?

కొండగాలి:
చెబుతున్నా. ఈ వారానికి పేరణి రాసినవాళ్ళందరినీ ఒప్పుల జాబితాలో చేరుస్తున్నాను. మాట ఉంది, గ్రంథంలో ఉంది, నిలువు నేనివ్వలేదు. ఆధారం మాత్రం "పేరి" అనే చెబుతోంది కాబట్టి అచ్చులో జవాబు పేరిణి అనే ఉంటుంది. ఇకమీదట రెండు రాతలున్న మాట వేస్తే తేడా ఉన్న గడికి నిలువు కచ్చితంగా ఇస్తాను, ఇవ్వలేకపోతే ఆ మాటే తీసేస్తాను. ధింసాకీ అదే రూల్, మొదటి గడి నుంచి నిలువు పడుతుంది.

వాల్తేరు వాసు:
ధిం తో మొదలయ్యే నిలువు ఎక్కడ దొరుకుతుంది మీకు?

కొండగాలి:
అది నా తలనొప్పి. ఆదివారం చూడండి.

అరకు అప్పల:
నేను కూడా ఒకటి అల్లాను. మొదటిసారి, నవ్వకండి. "అరకులో ఊదుతారు, హైదరాబాదులో మూత వేస్తారు (2)".

కొత్తగడి:
మోరి!! మా అమ్మమ్మ వాళ్ళది వరంగల్, అక్కడ మురుగుకాలవని మోరీ అంటారు. కానీ మళ్ళీ దీర్ఘం...

వాల్తేరు వాసు:
నేనేం మాట్లాడను.

నిఘంటుపురుగు:
అప్పల గారూ, ఆధారం చివర "పొట్టిగా" అని ఒక్క మాట చేర్చండి, దీర్ఘం పోతుంది. మోరి గురించి విడిగా థ్రెడ్ పెట్టి రాయండి, అది ఎలా చేస్తారో, ఎవరు ఊదుతారో. ఇక్కడ రెండు గళ్ళలో సరిపెట్టేది కాదు.